రాట్నం ఎవరు తిప్పాలి?

పిల్లలు రంగులరాట్నం ఎక్కి గిరగిరా తిరుగుతూంటే భూమిలోని నీళ్లు పైన ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు చుట్టూ కంపెనీల ప్రకటనలు; వాటి అద్దెతోనే మరమ్మతులు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఈ ‘ప్లేపంప్’ మీద ఎమీ కాస్టెల్లో అనే విలేఖరి 2005లో అమెరికా టీవీకి తీసిన చిన్న చిత్రం చూసి, చెప్పొద్దూ, నేనూ మురిసిపోయాను. 2006లో దాతలూ, అమెరికా ప్రభుత్వమూ కలిసి కోటీ అరవై నాలుగు లక్షల డాలర్లు ప్రకటించారు.

ఆవిడ అక్కడితో ఊరుకుంటే నేనీ నాలుగు మాటలు రాసేదాన్ని కాదు. తను పొగిడిన వస్తువు ఏమైందో చూడడానికి మళ్లీ వెళ్లింది. 2010లో వచ్చిన ఆ రెండో చిత్రమే అసలు చిత్రం. మొజాంబిక్ పల్లెలో రాట్నం మీద పిల్లల్లేరు. (బడి ఉండదూ? అయినా వంటకి నీళ్లు కావలసిన వేళకి ఏ పిల్లాడు ఆటకొస్తాడు?) పెద్దవయసు ఆడవాళ్లు నడుం వంచి దాన్ని చేతుల్తో తోస్తున్నారు. ప్రకటనల పలకలు బోసిగా ఉన్నాయి. చెడిన పంపులు నెలల తరబడి అలాగే పడున్నాయి. పెట్టేముందు వాళ్లనెవరూ అడగలేదట!

మన వంటింట్లో రుబ్బురోలు పీకేసి, పిల్లలు ఉయ్యాలూగితే పిండి నలుగుతుందంటే ఊరుకుంటామా?

ముఖ్య దాత కేస్ ఫౌండేషన్ 2010లోనే తన పొరపాటు బాహాటంగా ఒప్పుకుంది. అదీ మెచ్చుకోవలసిందే. కానీ నా కళ్లముందు నిలిచింది మాత్రం ఆ ఆడవాళ్లే. పీకేసిన పాత చేతిపంపే నయమంటున్నారు వాళ్లు.