అమ్మేవారే స్థిరాస్తి వ్యాపారి అయినప్పుడు

ఇల్లు కొనేవారు సాధారణంగా తమవంటి మరొక గృహస్థుతోనే బేరమాడుతున్నామని భావిస్తారు. గోడల్లో చెమ్మ ఎక్కడ దిగుతుందో అమ్మేవారికి తెలిసినా, మార్కెట్ ఎటు కదులుతోందో, దస్తావేజులోని ఏ వాక్యం ఎవరికి అనుకూలమో వారికీ అంతగా తెలియదు కనుక, ఇరుపక్షాల తెలియనితనం ఒకదానికొకటి సరిపోతుంది. అయితే హైదరాబాదులోనూ, విజయవాడ, విశాఖపట్నాల్లోనూ అమ్మకానికి వచ్చే ఫ్లాట్లలో బిల్డర్లు తమ వాటాగా అట్టిపెట్టుకున్నవీ, ఏజెంట్లు పెట్టుబడిగా కొని ఉంచుకున్నవీ కూడా ఉంటాయి. అటువంటి ఇంటిని కొనేటప్పుడు ఆ సమతూకం ఉండదు. ధర గురించిన జ్ఞానం, పత్రాల గురించిన జ్ఞానం, ఆగగలిగే ఓపిక మూడూ ఒకే పక్షాన చేరతాయి.

ఒక పక్షానికి తెలిసి రెండవ పక్షానికి తెలియని సమాచారం మార్కెట్టునే ఎలా వక్రీకరిస్తుందో వాడిన కార్ల ఉదాహరణతో 1970లో వివరించిన జార్జ్ అకెర్‌లాఫ్‌కు 2001లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఇళ్ల విషయంలో అదే ప్రశ్నను పరిశీలించిన స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ షికాగో పరిసరాల్లో జరిగిన దాదాపు లక్ష అమ్మకాలను పోల్చి చూసి, ఏజెంట్లు తమ సొంత ఇళ్లను ఇతరుల ఇళ్లకంటే సగటున 9.5 రోజులు ఎక్కువగా మార్కెట్లో ఉంచి, 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముకున్నారని 2008లో ప్రచురించారు. ఈ ఫలితాన్ని ఏజెంటును నమ్మి ఇల్లు అమ్ముకున్నవారి నష్టంగా చదవడం పరిపాటి. కొనేవారి వైపు నుంచి చదివితే, ఏజెంటు సొంత ఇంటిని కొన్నవారు ఆ మేరకు ఎక్కువ చెల్లించారని కూడా అర్థం. ఆ అంకెలు తెలుగు నగరాలకు యథాతథంగా వర్తించకపోయినా, వాటి వెనుకనున్న కారణం, అంటే తొందరపడనవసరం లేని అమ్మకందారుకు తొందరలో ఉన్న కొనుగోలుదారు ఎదురుకావడం, ఇక్కడా ఉన్నదే.

చట్టం కొనుగోలుదారును పూర్తిగా వదిలివేయలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవారికి తెలియక, సాధారణ జాగ్రత్తతో వారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలోగానీ హక్కులోగానీ ఉంటే, అమ్మేవారు దానిని వెల్లడించి తీరాలి. వెల్లడించకపోవడాన్ని ఆ సెక్షనే మోసంగా పరిగణిస్తుంది. కానీ బరువంతా ‘సాధారణ జాగ్రత్త’ అన్న మాటపైనే ఉంది. రిజిస్టరైన దస్తావేజులోని విషయం కొనేవారికి తెలిసినట్లే లెక్క కాబట్టి, వ్యాపారంలో ఆరితేరిన అమ్మకందారు మౌనంగా ఉండి, తరువాత వివాదం వస్తే ‘అదంతా ఈసీలోనే ఉంది కదా’ అని చెప్పగలడు. ఈసీ అంటే ఒక ఆస్తిపై నిర్ణీత కాలంలో రిజిస్టరైన లావాదేవీలను చూపుతూ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే పత్రం. రిజిస్టరు కానిది అందులో కనిపించదు; ఉదాహరణకు రాతపత్రం లేకుండా దస్తావేజులను బ్యాంకుకు అప్పగించి చేసిన తనఖాను తెలుసుకోవడానికి, తనఖాల వివరాలను నమోదు చేసే కేంద్ర సంస్థ సెర్సాయి రికార్డునూ వెతకవలసి ఉంటుంది.

అమ్మేవారు బిల్డర్ అయినప్పుడు అన్నింటికన్నా ముందుగా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో జీవో 168గా వచ్చిన భవన నిర్మాణ నియమాల మేరకు, అపార్టుమెంటు కట్టే బిల్డర్ నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చిన పురపాలక సంస్థకు పూచీగా ఉంచాలి. ప్లాన్‌ను అతిక్రమించకుండా కట్టి, నివాసయోగ్యతను ధ్రువీకరించే ఓసీ పొందిన తరువాతే ఆ భాగం విడుదలవుతుంది. వాడుకలో ‘మార్ట్‌గేజ్ ఫ్లాట్లు’ అనే ఇవి బిల్డర్ చేతిలో చివరిదాకా మిగిలిపోవడం సహజం. కనుక బిల్డర్ సొంత వాటా అన్న మాట విన్నప్పుడు విడుదల పత్రాన్ని, స్థల యజమానికీ బిల్డరుకూ మధ్య ఫ్లాట్లు పంచిన ఒప్పందాన్ని చూడకుండా టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వరాదు.

ఏజెంటు అమ్ముతున్నప్పుడు సమస్య ఇంకా సూక్ష్మమైనది. అసలు యజమానికి కొంత అడ్వాన్సు ఇచ్చి, విక్రయ ఒప్పందం మాత్రమే రాయించుకుని, గడువులోగా మూడవ వ్యక్తికి ఎక్కువ ధరకు అమ్మి, రిజిస్ట్రేషన్‌ను యజమాని నుంచి నేరుగా ఆ మూడవ వ్యక్తి పేర చేయించే పద్ధతి స్థిరాస్తి రంగంలో పాతదే. ఇటువంటి చోట అమ్మేవాడుగా కనిపించే మనిషికి ఇంటిపై హక్కే లేదు. ఒప్పందం దానంతటది ఆస్తిలో హక్కును కలిగించదని ఆస్తి బదిలీ చట్టంలోని 54వ సెక్షన్, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీపై జరిగే అమ్మకాలు యాజమాన్యాన్ని బదిలీ చేయవని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేశాయి. డబ్బు ఎవరికి చేరుతోందో, రసీదు ఎవరు ఇస్తున్నారో, దస్తావేజుపై ఎవరు సంతకం చేస్తారో ఈ మూడింటిలో పేరు మారితే అక్కడ ఆగి కారణం అడగడం కొనుగోలుదారు హక్కు.

ఇంత చెప్పినా, వ్యాపారంలో ఉన్నవారు అబద్ధమాడతారన్నది ఇక్కడి అభిప్రాయం కాదు. ఆస్తి గతంలో ఎవరెవరి చేతులు మారిందో చూపే లింక్ డాక్యుమెంట్లు, పన్ను రసీదులు, అనుమతి పొందిన ప్లాన్ వరుసగా పెట్టి చూపేది తరచుగా వారే. ప్రమాదం వారు చూపే సౌకర్యంలో ఉంది. లీగల్ ఒపీనియన్ రాసే న్యాయవాదినీ, దస్తావేజు రాసే వారినీ, రుణం ఇప్పించే మనిషినీ వారే కుదిర్చి పెట్టినప్పుడు, తిరుగుడు తప్పిందని కొనేవారు సంతోషిస్తారు. కానీ ఆ ఇంటిని అమ్మకందారుతో సంబంధం లేని కళ్లతో చూసినవారు ఒక్కరూ మిగలరు.

ఈ అసమానతను బ్రిటన్ 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్ల చట్టంలోనే గుర్తించి, ఆస్తిలో సొంత ప్రయోజనమున్న ఏజెంటు బేరానికి ముందే దానిని వెల్లడించాలని 21వ సెక్షన్‌లో విధించింది. వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన డాలస్ ఉన్న టెక్సాస్‌లో, లైసెన్సు గల ఏజెంటు తన ఇంటిని అమ్ముకునేటప్పుడు తాను ఏజెంటునన్న సంగతిని రాతపూర్వకంగా చెప్పాలి. కొనేది తన ఊరివాడే అయినా ఆ కాగితం తప్పదు. మన దేశంలో 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, ఏజెంట్లను నమోదు చేయించి అనుచిత వ్యాపార పద్ధతులను నిషేధించినా, ఆ నమోదు బాధ్యత ప్రధానంగా రెరాలో నమోదైన ప్రాజెక్టుల అమ్మకాలకు సంబంధించినది. చేతులు మారే పాత ఫ్లాటు దాదాపుగా దాని వెలుపలే ఉండిపోతుంది.

అమ్మేవారి వృత్తినీ, వారు యజమానులా, ఒప్పందదారులా, బిల్డర్లా అన్న సంగతినీ ప్రతి విక్రయ ఒప్పందంలో రాయడాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తప్పనిసరి చేయాలి. ఆ నియమం వచ్చేవరకు, ఆ వాక్యాన్ని కొనేవారే అడిగి రాయించుకోవాలి, న్యాయవాదిని తామే ఎంచుకోవాలి.