గొలుసు విప్పితేనే కావలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వీధుల్లో కుక్కను పెంచే ఇల్లు ఏదో గేటు చూస్తేనే తెలిసిపోతుంది. గేటు కమ్మీకో, మెట్ల కింది కొక్కేనికో రెండు మూడు అడుగుల ఇనుప గొలుసు, దాని చివర ఒక కుక్క, పొద్దునా రాత్రీ దాని ముందుకు తోసే ఒక గిన్నె. పిల్లను తెచ్చిన రోజే ఇంట్లో పెద్దవాళ్లు హెచ్చరిస్తారు: మరీ చేరదీయొద్దు, ముద్దు చేస్తే రోషం పోతుంది, కావలికి పనికిరాకుండా పోతుంది అని. ఈ నమ్మకం తప్పని నా గట్టి అభిప్రాయం. ఇంటికి కావలి కాయడం, మనుషులకు తోడుగా ఉండడం కుక్క విడివిడిగా చేసే రెండు పనులు కావు. ఇంటివాళ్లతో కలిసి బతికే కుక్కకే తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో తెలుస్తుంది. ఆ తేడా తెలియని కుక్క అరుస్తుంది, కరుస్తుంది, కావలి మాత్రం కాయలేదు.

రుజువు మన కళ్ల ముందే ఉంది. పెనుకొండ, రొద్దం, మడకశిర చుట్టుపక్కల గొర్రెలు తోలే కాపరుల వెంట కుక్కలుంటాయి. ఎరువు కోసం రైతు చేలో రాత్రికి మందను నిలిపినప్పుడు చిరుత వచ్చినా, తోడేలు వచ్చినా, దొంగ వచ్చినా ముందు లేచేది అవే. వాటిని ఎవరూ కట్టేయరు. గొర్రెపిల్లల మధ్య పెరుగుతాయి, కాపరి తినే సంగటే తింటాయి, ఆయన కంబళి పక్కనే పడుకుంటాయి. అంత దగ్గరితనం ఉంది కాబట్టే మంద తమది అనుకుంటాయి. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి, గమనించి, 1965లో ఒక గ్రంథం ప్రచురించారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఎవరి మధ్య తిరుగుతుందో, దాని లోకమంతా వాళ్లతోనే ఏర్పడుతుందని అందులో తేల్చారు. కాపరులు తరతరాలుగా చేస్తున్నది అదే. మన పట్టణాల్లో మాత్రం సరిగ్గా ఆ వయసు పిల్లను తెచ్చి గేటుకు కట్టేస్తాం.

ధర్మవరంలో మగ్గమున్న ఇంటిని తీసుకోండి. అది ఇల్లూ, పని చోటూ కూడా. పట్టు, జరీ, నేసి మడిచిన చీరలు అన్నీ ఆ గదుల్లోనే ఉంటాయి. కాబట్టి దొంగ భయం నిజమైనదే. అదే ఇంటికి పొద్దుటి నుంచి అద్దకం పనివాళ్లు, చీర చూడటానికి వచ్చే షావుకార్లు, పక్కింటి పిల్లలు వస్తూపోతూ ఉంటారు. అలాంటి చోట అందరి మీదా అరిచే కుక్క వల్ల ఒరిగేదేమీ లేదు. నాలుగు రోజులకే ఇంటివాళ్లు ఆ అరుపు పట్టించుకోవడం మానేస్తారు, నిజంగా దొంగ వచ్చిన రాత్రి కూడా పట్టించుకోరు. వసారాలో తిరిగే కుక్కకు ఎవరు ఎప్పుడొస్తారో, ఎంతసేపుంటారో అలవాటవుతుంది. వేళ కాని వేళ, తెలియని అడుగు పడితేనే అరుస్తుంది. ఆ అరుపులో తేడా మనుషులకు కూడా అందుతుంది. హంగేరీలోని బుడాపెస్ట్ పరిశోధకులు కుక్కల అరుపులు రికార్డు చేసి వినిపిస్తే, పరాయి మనిషిని చూసి అరిచిందా, ఒంటరితనంతో అరిచిందా అన్నది కుక్కను ఎన్నడూ పెంచని వాళ్లు కూడా చాలావరకు పోల్చుకున్నారు. గొలుసు మీద రోజంతా అరిచే కుక్క ఆ రెంటినీ కలిపేస్తుంది.

గొలుసు వల్ల వచ్చే రెండో నష్టం కాటు. అమెరికాలోని డెన్వర్ నగరంలో కరిచిన కుక్కలనూ కరవని కుక్కలనూ పోల్చి చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. కరిచిన వాటిలో గొలుసుకు కట్టేసినవి ఉండే అవకాశం 2.8 రెట్లు ఎక్కువని అందులో తేలింది. కరిచే కుక్కనే కదా కట్టేస్తారు, అందుకే ఆ లెక్క అలా వచ్చిందేమో అని ఎవరైనా అనొచ్చు. కొంత నిజం ఉండొచ్చు కూడా. కానీ మన గేట్ల దగ్గర కట్టేసినవి కరిచినందుకు కట్టినవి కావు, పిల్లప్పటి నుంచి అక్కడే ఉన్నవి. భయపడితే పారిపోయే దారి లేని జంతువుకు మిగిలేది పళ్లే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌లోనే ఈ మాట ఉంది: మరీ పొట్టి గొలుసుతో, మరీ ఎక్కువ సేపు కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా నేరమే. మొదటిసారికి జరిమానా 50 రూపాయలు దాటదు కాబట్టి ఎవరూ లెక్కచేయరు.

ముద్దు చేస్తే దొంగకు కూడా తోక ఊపుతుందన్నది అందరూ చెప్పే అభ్యంతరం. కొన్ని కుక్కలు ఊపుతాయి, కాదనను. అయినా ఇంటి కావలికి కుక్క దొంగను పట్టుకోనక్కర్లేదు, ఇంటివాళ్లను లేపితే చాలు. జపాన్ పరిశోధకులు 2015లో సైన్స్ పత్రికలో మరో సంగతి చెప్పారు. కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని, మనుషులు పెంచిన తోడేళ్లలో అది కనిపించలేదని. కాపాడాలన్న పట్టుదల ఆ బంధం నుంచే పుడుతుందని నా నమ్మకం. మన పొరుగున మండ్య జిల్లాలోని ఆతకూరులో పదో శతాబ్దపు రాతి శాసనం దొరికింది. అడవి పందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయిన కాళి అనే వేటకుక్క కోసం వేయించిన రాయి అది. ఆ రాతికి పూజ జరిగేలా ఏర్పాటు కూడా చేశారు. అంత రోషమున్న కుక్కను దాని యజమాని అంతగా ప్రేమించాడు.

ఇక సీసీ కెమెరాలున్నాయి కదా అంటారు. తాళం వేసి ఊరెళ్లే ఇంటికి కెమెరానే మేలు. రాష్ట్ర పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ ఉన్నది దానికే. తాళం వేసిన ఇంట్లో కుక్కను వదిలి వెళ్లడం దాన్ని హింసించడమే. మనుషులున్న ఇంట్లోనే కుక్క విలువ. ఇంట్లోకి కుక్కను రానివ్వని ఆచారం హిందువుల్లోనూ ముస్లింలలోనూ ఉంది, దానికీ నా వాదనకూ పేచీ లేదు. వసారా చాలు, పెరడు చాలు. కావలసింది మనుషుల మధ్య తిరిగే వీలు.

ఏ కుక్క అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. బెంగళూరు నుంచి కారులో తెచ్చే హస్కీకి మంచు దేశపు బొచ్చు. మనకు ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, కుక్క ఒంటి వేడి పోయేది ఎక్కువగా నోటితో వగర్చడం వల్లనే. ముధోల్ వేటకుక్క మన వాతావరణాన్ని తట్టుకుంటుంది గానీ అది పరుగుకు పుట్టింది, సందులో ఇంటికి తగదు. పొట్టి వెంట్రుకల నాటుకుక్క మన ఎండకూ, మన తిండికీ అలవాటు పడినది. తోడేలుతో పోలిస్తే కుక్కలో పిండిపదార్థం అరిగించే జన్యువు ప్రతులు చాలా ఎక్కువని 2013లో నేచర్ పత్రిక ప్రచురించిన పరిశోధన చెప్పింది. కాబట్టి రాగి సంగటి, మజ్జిగ, ఉడికిన గుడ్డు పెట్టడానికి సంకోచం అక్కర్లేదు. ఉల్లిపాయలు వేసిన మాంసం పులుసు, ఉడికిన కోడి ఎముకలు మాత్రం పెట్టకూడదు.

రేబిస్ భయాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు. ఇంటి కుక్కకు మూడో నెలలో టీకా, నెల తర్వాత మరొకటి, ఆపైన ఏటా ఒకటి తప్పనిసరి. పాశ్చర్ 1885లో ఒక బాలుడికి మొదటిసారి ఈ టీకా ఇచ్చిన జులై 6న మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా వేస్తారు. ఇంటి కుక్క కరిచినా సరే, గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. టీకా వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్క వీధికి కూడా మేలే.

పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలకు వెళ్లిపోగా హిందూపురంలో వృద్ధ దంపతులే మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకు తోడుగా ఉంటుందని కొడుకో కూతురో ఖరీదైన జాతి పిల్లను తెచ్చి వదలడం నాకు నచ్చదు. ఏడాదికి అది 30 కిలోలవుతుంది, పట్టుకుని నడిపించే బలం ఆ చేతులకు ఉండదు, మళ్లీ గొలుసే గతి. ఆ ఇంటి ముందు ఏళ్లుగా అన్నం తింటున్న, నెమ్మదైన ఈడొచ్చిన వీధి కుక్క ఒకటి సాధారణంగా ఉండనే ఉంటుంది. కొడుకు డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే దాని టీకాకు, ఆపరేషన్‌కు, వసారాలో ఒక గోనెపట్టాకు పెట్టొచ్చు.