నల్లపిల్లకు మేం రాసిపెట్టిన పెళ్లికొడుకు

“మేడం, మీ కథల ఆ పిల్లను ఆయన చేసుకోకపోతే ఏమైతుండె?”

పోయిన జనవరిలో మెదక్‌లో డిగ్రీ చదివే అమ్మాయిలతో కథల గురించి మాట్లాడడానికి వెళ్లినప్పుడు వెనక వరుసలోంచి వచ్చిన ప్రశ్న ఇది. ఇరవై ఏళ్ల కిందట నేను రాసిన కథను వాళ్ల లెక్చరర్ జిరాక్స్ తీయించి పంచింది. నల్లగా ఉందని అయిదు సంబంధాలు తప్పిపోయిన అమ్మాయి కథ. ఆరోవాడు వస్తాడు. అభ్యుదయ భావాలున్నవాడు. కట్నం వద్దంటాడు, రంగు కాదు మనసు చూశానంటాడు. అంతటితో కథ అయిపోతుంది. అచ్చయినప్పుడు చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకటి రెండు సభల్లో దాన్ని స్త్రీవాద కథ అన్నారు. నేనూ కాదనలేదు.

“ఇంకో సంబంధం వచ్చేదేమో” అన్నాను. పిల్లలు నవ్వారు. అడిగిన అమ్మాయి నవ్వలేదు.

నిజానికి ఆరోజు నేను వెళ్లింది టోనీ మారిసన్ నవల ‘ది బ్లూయెస్ట్ ఐ’ గురించి చెప్పడానికి. 1970లో వచ్చింది. ఒహాయో రాష్ట్రంలో లొరెయిన్ అనే ఊళ్లో పెకోలా అనే పదకొండేళ్ల నల్లపిల్ల తనకు నీలికళ్లు కావాలని దేవుణ్ణి వేడుకుంటుంది. కళ్లు నీలంగా మారితే ఇంట్లో అమ్మానాన్నలు కొట్టుకోవడం మానేస్తారని ఆమె ఆశ. అందులో మిఠాయి కొట్టు సన్నివేశం ఒకటి ఉంది. కొట్టతను తెల్లవాడు. పిల్లవైపు చూస్తాడుగానీ ఆ చూపుకు అక్కడ మనిషి ఆనదు. ఆమె అరచేతిలోని డబ్బులు తీసుకోవాలంటే చెయ్యి తగులుతుందని తటపటాయిస్తాడు. అది చెప్పగానే క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. చిల్లర చేతిలో పెట్టకుండా బల్లమీద వెయ్యడం అంటే ఏమిటో అమెరికా వెళ్లి నేర్చుకోనక్కర్లేని పిల్లలు వాళ్లు. చాలామంది చుట్టుపక్కల ఊళ్ల దళిత వాడల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లే.

తర్వాత వాళ్లు మాట్లాడారు, నేను విన్నాను. స్వాగత నృత్యంలో ముందు వరుస ఎవరికి, వెనక వరుస ఎవరికి. బట్టల షాపులో సేల్స్‌గర్ల్ పనికి వెళ్తే కౌంటర్లో కాకుండా గోడౌన్‌లో మడతలు పెట్టే పని ఎవరికి ఇస్తారు. ఒకమ్మాయికి ఫొటో స్టూడియో అతను అడక్కుండానే ముఖం తెల్లగా చేసి ఇచ్చాడట. ఆ ఫొటో హాల్‌టికెట్ మీదికెక్కింది. పరీక్ష రోజు ఇన్విజిలేటర్ ఆ ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి చూసి “ఇది నువ్వేనా?” అన్నాడు. పదినిమిషాలు నిలబడి తనను తాను రుజువు చేసుకున్నాక గానీ పేపరు చేతికి రాలేదు. చెబుతున్నప్పుడు అందరూ పడీపడీ నవ్వారు, ఆ అమ్మాయి కూడా.

రంగూ కులమూ ఒకటి కాదు, నిజమే. నలుపు అన్ని కులాల్లోనూ ఉంది. కానీ ఫలానా కులంవాడు నల్లగా ఉంటే నమ్మకు, ఫలానా కులంవాడు ఎర్రగా ఉంటే నమ్మకు అనే సామెతలు చేసుకున్న సమాజం మనది. ఏ కులానికి ఏ రంగు ఉండాలో ముందే రాసిపెట్టుకున్నాం. నా పెళ్లిచూపులప్పుడు మా అమ్మ “చామనచాయే, చలికాలంలో కాస్త తేటబడుతుంది” అని చెప్పింది. చెల్లింది. ఎందుకంటే మాకు నాలుగెకరాల తరిపొలం ఉంది, ఊళ్లో మాది తక్కువ కులం అనేవాళ్లు లేరు. పొలమూ కులమూ ఉన్న ఇంట్లో నలుపుకు చామనచాయ అనే పేరు దొరుకుతుంది. అదే రంగు పిల్ల వాడలో పుడితే ‘కర్రిది’. అందంగా ఉందని చెప్పడానికి మా వైపు ఉన్న మాటేమో ‘ఎర్రగ బుర్రగ’.

బళ్లో తమను ‘నీగ్రో’ అని ఏడిపించేవారని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఆ మాట ఎవరి వీపు మీది వాత నుంచి వచ్చిందో పిలిచేవాళ్లకు తెలియదు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చింది. ఆ సిద్దీ కుటుంబాల వారసులు తరాలుగా ఇక్కడివాళ్లే. నా అల్మారా నిండా తెలుగు కథా సంకలనాలున్నాయి. వాటిలో ఆ ఇళ్ల ఆడపిల్ల ఒక్కతె కూడా లేదు.

మన బడుల్లో వేమన ఎలుకతోలు పద్యం ఎంతమంది పిల్లలు బట్టీపట్టి ఉంటారో! ఏడాది ఉతికినా నలుపు నలుపే అని పంతులు అర్థం చెబుతుంటే క్లాసులో కళ్లన్నీ ఎవరివైపు తిరుగుతాయో ఆ పిల్లకు తెలుసు. వేమన చెప్పింది మారని స్వభావం గురించే. కానీ ఉపమానం నలుపును ఎన్నుకుంది. విమర్శకులం అలంకారాన్ని అలంకారంగానే చూసి దాటిపోయాం. తగిలింది మాకు కాదు కదా.

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన మార్కెట్లోకొచ్చింది. నల్లగా ఉన్న అమ్మాయి క్రీమ్ రాసుకుని మంచి ఉద్యోగం తెచ్చుకునే దాని టీవీ ప్రకటన మీద ఐద్వా పోరాడితే 2003లో అది ఆగింది. 2020లో పేరులో ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. ఆ ప్రకటన మీద నేనూ వ్యాసాలు రాశాను, సభల్లో కోపంగా మాట్లాడాను. మెదక్ నుంచి తిరిగొస్తూ బస్సులో నా కథ మళ్లీ చదువుకుంటే గుండె గుభేలుమంది. ఆ ప్రకటన కథా నా కథా ఒకటే. రెండింట్లోనూ నలుపు ఒక కష్టం, చివర్లో ఆ కష్టం తీరుతుంది. వాళ్లు పిల్ల రంగు మార్చారు, నేను పెళ్లికొడుకుని మార్చాను. పైగా నా పెళ్లికొడుకు “రంగు చూడలేదు” అంటాడు. ఆ పిల్ల ఒంటినిండా ఉన్నదాన్ని చూడకపోవడం గొప్ప గుణమని నేను రాసిపెట్టాను.

మారిసన్ పెకోలాను రక్షించదు. ఆ పిల్లను అలా చేసిందెవరో ఒక్కొక్కరినీ మన ముందు నిలబెడుతుంది. తెల్లవాళ్ల ఇంట్లో పనిచేసే తల్లి, కూతురి చేతిలోంచి పళ్ల వంటకం ఒలికిపోతే కన్నబిడ్డను కొట్టి, భయపడిన యజమాని కూతురిని ఊరడిస్తుంది. ఇంకోవైపు క్లాడియా అనే పిల్ల ఉంది. అందరూ మురిసిపోయే తెల్లబొమ్మలో ఏముందో చూద్దామని దాన్ని ముక్కలుగా విప్పేస్తుంది. నా కథలో బొమ్మను విప్పి చూసే పిల్ల లేదు. ఆ నవలకు 1993లో రాసిన మలిమాటలో మారిసన్, చాలామంది పాఠకులు జాలిపడి ఊరుకున్నారని, తను ఆశించింది అంతకన్నా ఎక్కువని ఒప్పుకుంటుంది. ఆమే అలా అనుకుంటే, జాలి తప్ప ఇంకేమీ అడగని కథ రాసిన నేను ఏమనుకోవాలి?

ఇక్కడ మనవాళ్ల పుస్తకాలు గుర్తుచేసుకోవాలి. స్త్రీవాద కవిత్వ సంకలనం ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది. పదేళ్ల తర్వాత, 2003లో, దళిత స్త్రీల రచనలతో గోగు శ్యామల తెచ్చిన సంకలనం పేరు ‘నల్లపొద్దు’. 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి తెచ్చిన కథల పుస్తకం ‘నల్లరేగటి సాల్లు’. నలుపు వాళ్ల చేతిలో పొద్దయింది, పంట పండే నేల అయింది. సానుభూతి అడిగే మాట కాకుండా పోయింది. అది చదివి చప్పట్లు కొట్టిన మాలాంటివాళ్లం ఆ తర్వాత ఏం చేశాం? ‘నల్లమట్టి లాంటి పిల్ల’ అని ఉపమానాలు రాశాం. మాట ఎరువు తెచ్చుకున్నాం గానీ, ఆ పిల్ల బస్సెక్కి ఏ పనికి పోతోందో, అక్కడ ఎవరు ఏమని పంపించేస్తున్నారో రాయలేదు.

ప్రశ్న అడిగిన అమ్మాయి సాయంత్రం నన్ను చర్చికి తీసుకెళ్లింది. 1924లో ప్రతిష్ఠ జరిగిన కట్టడం. కరువు రోజుల్లో కూలీ, తిండీ దొరుకుతాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి రాళ్లు మోశారు. వాళ్లలో తన ముత్తవ్వ ఉందని ఆ అమ్మాయి చెప్పింది. లోపల ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండు చిత్రకారుడి రంగుటద్దాల కిటికీల ముందు నిలబడ్డాం. ఎండ బయటనుంచి పడుతున్నంతసేపే ఆ బొమ్మలు కనిపిస్తాయి. మేరీ ముఖం తెల్లగా వెలుగుతోంది.

“చిన్నప్పుడు మా బడిల క్రిస్మస్ నాటకం ఏస్తుండె మేడం. నాకు దేవదూత ఏషం ఎన్నడియ్యలే. ఏటేటా గొర్ల కాపరే.”

“బాధపడ్డావా?” అన్నాను. అలవాటైన ప్రశ్న.

“లేదు మేడం. గొర్ల కాపరికి మాటలెక్కువుంటయి. దేవదూతకు రెండే.”

ఇంటికొచ్చాక కథలోంచి పెళ్లికొడుకుని తీసేశాను. నాలుగు పేజీలు మిగిలాయి. ఆ నాలుగు పేజీల్లో అందరూ ఆ పిల్ల గురించి మాట్లాడారు. ఆమె మాత్రం ఒకేచోట నోరు విప్పింది, చూడ్డానికొచ్చినవాళ్లు పేరు అడిగినప్పుడు.