పకీ వకీ మధ్య

దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ గూడేల్లో పిల్లాడికి చదువు పట్టుబడకపోతే అందరం ఒకే మాట అనేస్తాం: ఇంట్లో కోయ, బళ్లో తెలుగు, ఎట్లా వస్తుంది? అందులో నిజం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్నపిల్లలకు చదువు మొదలుపెట్టింది అందుకే. అయితే ఆ నిజం చాటున కొందరు పిల్లల అసలు కష్టం ఎవరి కంటా పడకుండా పోతోంది. నా బాధ అది.

సాయంత్రాలు నా దగ్గరికొచ్చే మూడో తరగతి పిల్లాడు తునికాకు ఏరడానికి వెళ్లిన కబుర్లు కోయలో చెబితే పెద్దవాళ్లు కూడా పని ఆపి వింటారు. తెలుగులోనూ తడుముకోడు. కంటి డాక్టరు చూపు బాగుందన్నారు. ‘పువ్వు’ అన్న మాట దగ్గర మాత్రం వేలు ఆగిపోతుంది.

“ఇదీ ఇదీ ఒకటే గద సారూ?”

పకి తలకట్టు విడిగా ఉంటుంది, వకి అతుక్కుని ఉంటుంది. ఉన్న తేడా అంతే. దానికి తోడు పక్కన కొమ్ము, కింద వత్తు. కన్ను చూసినదాన్ని మెదడు విడదీసుకోలేని పిల్లలకు ఆ ఇరుకు పెద్ద అడ్డు. డిస్లెక్సియా అనే చదవడంలో ఇబ్బంది ఉన్న ఇటలీ, ఫ్రాన్స్ పిల్లలకు అక్షరాల మధ్య ఎడం పెంచి ఇస్తే ఏ శిక్షణా లేకుండానే మెరుగ్గా చదివారని 2012లో ఒక పరిశోధన తేల్చింది. అందుకే నేను పాఠాన్ని పెద్ద అక్షరాలతో, ఎడంగా మళ్లీ రాసిస్తాను. అట్టముక్కలో కిటికీ కోసి, ఒక్క మాటే కనబడేట్టు పేజీ మీద జరుపుతాను.

అన్నిటికన్నా చింతగింజలు బాగా పనిచేశాయి. నేల మీద గింజలతో ప పేర్చి, తలకట్టు గింజల్ని కిందికి జరిపి, విడిగా ఉన్న కొసను కలిపితే వ. జరుపుతూ ఆ శబ్దం పైకి అనాల్సిందే. నోరు కలవకుండా ఒక్క చూపుతో చదువు రాదు. తప్పుగా చూసిన అక్షరాన్ని పేజీలకు పేజీలు రాయిస్తే తప్పే స్థిరపడుతుంది. రంగుటద్దాలు పెడితే చదువొస్తుందన్న మాటకు గట్టి ఆధారం లేదు. కూలి డబ్బులు వాటికి పోయొద్దు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాన్ని కూడా గుర్తించింది. ఇలాంటి పిల్లల కోసం మండల కేంద్రంలో భవిత కేంద్రం ఉంటుంది. కానీ వాగు అవతలి గూడెం నుంచి అక్కడికి పోవాలంటే తల్లికి ఒక రోజు కూలి పోతుంది. కాబట్టి ముందు గుర్తుపట్టాల్సింది ఊళ్లోని పంతులే. పిల్లాడి చేత కోయలో ఒక కథ చెప్పించండి. కథ పొందిగ్గా వచ్చి, చాలాకాలం నేర్పినా అక్షరాలు మాత్రం కలగాపులగం అవుతుంటే, తెలుగు రాదని రాసెయ్యకుండా పరీక్షకు పంపండి.

మావాడు ‘పువ్వు’ దాటాడు. ఇప్పుడు ష దగ్గర ఉన్నాం.