బిగువెంత కావాలి?

షెవర్లే ఫారెస్టర్ అనే కారును మన దేశంలో కొన్నేళ్ళు అమ్మారన్న సంగతి ఇప్పటి కుర్రాళ్ళలో చాలామందికి తెలీదు. ముందర షెవర్లే గుర్తు ఉంటుంది గానీ మిగతా బండంతా సుబారుదే. అప్పట్లో జనరల్ మోటార్స్‌కు జపానులోని ఫుజి హెవీ ఇండస్ట్రీస్‌లో వాటా ఉండేది. ఆ పొత్తుతోనే సుబారు ఫారెస్టర్ షెవర్లే పేరు పెట్టుకుని ఇక్కడికొచ్చింది. 2005లో జనరల్ మోటార్స్ ఆ వాటా అమ్మేసుకుంది. 2017లో మన దేశంలో షెవర్లే అమ్మకాలే ఆపేసింది. అట్లా అటు పుట్టింటికీ ఇటు మెట్టినింటికీ కాకుండా పోయిన ఫారెస్టర్ ఒకటి హైదరాబాదులో సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే జమ్మలమడుగు తెచ్చుకున్నాను. 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ కూడా రెన్యువల్ చేయించాను.

ఈ బండిలో నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి. ఫోర్ వీల్ వేయడానికి వేరే లివర్ లాగే పని లేదు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ చెరిసగం పంచే సెంటర్ డిఫరెన్షియల్ గేర్‌బాక్సు తోకలో కూర్చుని ఉంటుంది. ఈ మధ్య దాన్నే మార్పించాను. ఈ వారం ముచ్చట అదే.

మలుపులో లోపలి చక్రం కన్నా బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. దీనికోసం ఫ్రాన్సులో పెకర్ అనే ఆయన 1820లలోనే డిఫరెన్షియల్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆటో నుంచి లారీ దాకా వెనక హౌసింగులో ఉండేది అదే. అయితే కుడి ఎడమల మధ్యనే కాదు, ముందు వెనకల మధ్య కూడా ఈ తేడా ఉంటుంది. మలుపులో వెనక చక్రాలు లోపలికి కోసుకుపోతాయని లారీ తోలినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అంటే ముందు చక్రాలు పెద్ద చుట్టు చుడతాయి, వెనకవి చిన్న చుట్టు చుడతాయి. జిప్సీ, థార్, జిమ్నీలలో ఈ తేడాను సర్దే సెంటర్ డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ వేస్తే ముందు వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరగాల్సిందే. మట్టిలో అయితే టైర్లు కాస్త జారి సర్దుకుంటాయి. ఎండిన తారు మీద జారే వీలుండదు కాబట్టి స్టీరింగు బిర్రబిగుసుకుంటుంది, టైర్లు ఎగిరెగిరి పడతాయి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దని ఆ బండ్ల పుస్తకాల్లో రాసేది ఇందుకే. 2009లో మన దగ్గరికొచ్చిన మొదటి ఫార్చ్యూనర్ 4x4లో మాత్రం టోర్సెన్ రకం సెంటర్ డిఫరెన్షియల్, దానికో లాకు ఉండేవి. 2016లో వచ్చిన కొత్త మోడల్‌లో ఆ ఏర్పాటు పోయింది.

డిఫరెన్షియల్‌తో ఒక చిక్కు ఉంది. అది రెండువైపులకూ సమానంగా బలం ఇస్తుంది. ఒకవైపు పట్టు లేక బలం తీసుకోలేకపోతే, రెండోవైపుకు కూడా అంతే ఇస్తుంది. కాడి మధ్యలో నొగకు కట్టి ఉంటుంది కదా. దాపటెద్దు చతికిలబడితే వలపటెద్దు ఎంత బలమైనదైనా కాడి పక్కకు తిరుగుతుందే గానీ బండి ముందుకు కదలదు. ట్రాక్టరు రైతులకు ఈ సంగతి కాలికి తెలుసు. బురదలో ఒక వెనక చక్రం ఊరికే తిరుగుతుంటే డిఫ్ లాక్ పెడల్ తొక్కుతారు, రెండు చక్రాలూ ఒకటై బండి బయటికొస్తుంది. చేను చివర మళ్ళే ముందు కాలు తీసేస్తారు. తీయకపోతే ట్రాక్టరు మళ్ళదు, మళ్ళించబోతే లోపల ఏదో ఒకటి విరుగుతుంది.

పూర్తిగా వదిలేసినా చిక్కే, పూర్తిగా బిగించినా చిక్కే. ఫారెస్టర్ మాన్యువల్ గేరు బండిలో ఈ రెంటికీ మధ్య దారిగా డిఫరెన్షియల్ వెంట విస్కస్ కప్లింగ్ పెట్టారు. పైకి చూస్తే మూత తీయడానికి వీల్లేని ఇనప డబ్బా. లోపల పల్చటి ప్లేట్లు వరసగా ఉంటాయి. ఒకటి ఒక షాఫ్టుతో తిరిగితే, దాని పక్కది రెండో షాఫ్టుతో తిరుగుతుంది. మధ్యలో జిగట సిలికాన్ నూనె. షెడ్డులో కొత్త డబ్బా బల్ల మీదికొచ్చాక మా మెకానిక్ భాయ్ దానికి రెండువైపులా పిడులు బిగించి నా చేతికిచ్చాడు. నెమ్మదిగా తిప్పితే మెత్తగా తిరిగింది. గభాలున తిప్పబోతే మొండికేసింది. మలుపులో ముందు వెనకల వేగంలో వచ్చే తేడా చిన్నది కాబట్టి దాన్ని తిరగనిస్తుంది. ఒకవైపు చక్రాలు జారి గిర్రున తిరిగితే ఆ తేడా పెద్దది కాబట్టి అడ్డుపడి రెండోవైపుకు బలం మళ్ళిస్తుంది. ఇందులో కంప్యూటరు లేదు, సెన్సరు లేదు. నూనె జిగటే అంతా చేస్తుంది.

ఆ జిగటకు ఒక అంకె ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన డబ్బాది 4. రెండు షాఫ్టుల మధ్య నిమిషానికి 100 చుట్ల తేడా వచ్చినప్పుడు అది 4 కిలోగ్రామ్-మీటర్ల టార్కుతో అడ్డుపడుతుందని అర్థం. అంటే మీటరు పొడుగు కమ్మీ కొసన 4 కిలోల బరువు వేలాడదీస్తే ఎంత మెలి పడుతుందో అంత. ఇంతకన్నా బిగువైనవి 12, 20 అంకెలతో ఉంటాయి. 20 ర్యాలీలు తోలేవాళ్ళు వేసుకునేది.

అసలు నాకు ఈ యావ ఎందుకు పుట్టిందంటే, గండికోట దారి వల్ల. జమ్మలమడుగు నుంచి కోట 15 కిలోమీటర్లు, అంతా తారే. ఎర్రమల కొండల మీదికి ఎక్కేచోట మలుపులుంటాయి. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికొచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ కూడా కోటకెక్కే దారి ఇరుకుదనాన్నీ, పక్కనున్న లోయనూ, అడుగున పారే పెన్ననూ రాసిపెట్టాడు. ఇప్పుడు అంత భయం లేదు. కానీ మా ప్రాంతపు రోడ్లన్నిటికీ ఒక గుణం ఉంది. నాపరాళ్ళ లారీలు తిరిగే చోట రాతిపొడి, పెచ్చులు రాలి మలుపు బయటి అంచున పేరుకుంటాయి. తారు చూసి యాక్సిలేటర్ తొక్కితే కింద ఉండేది గరుసు. అక్కడ నా బండి ముందు లోపలి చక్రం ఒక క్షణం గిర్రున తిరిగేది, మూతి మలుపు బయటికి పోయేది. ఆ తర్వాత ఎప్పటికో వెనక చక్రాలు అందుకునేవి. డబ్బా బిగువు పెంచితే వెనకవి తొందరగా అందుకుంటాయి కదా అన్నది నా లెక్క.

ప్రొద్దుటూరులో భాయ్ దగ్గర ఈ లెక్కంతా చెప్పాను. ఆయన విని, “డబ్బా సంగతి తర్వాత అన్నా, టైర్లు ఎప్పుడేసినావు? నాలుగూ ఒగేసారి ఏసినావా?” అని అడిగాడు. నాలుగూ ఒకేసారి వేయించినవేనని చెప్పినా నమ్మకుండా టేపు తీసి ఒక్కోదాన్నీ కొలిచాడు. ఆయన పట్టుదల ఊరికే కాదు. ఈ బండికి నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళానికి, అంటే 6 మిల్లీమీటర్ల చిల్లరకు మించకూడదంటారు. టైరు రబ్బరు ఒక్క మిల్లీమీటరు అరిగితే చాలు, చుట్టుకొలత 6 మిల్లీమీటర్లకు పైనే తగ్గుతుంది. మనవాళ్ళ అలవాటు ప్రకారం ముందర రెండు కొత్తవీ వెనక రెండు అరిగినవీ వేసి తిప్పితే, తిన్నటి రోడ్డు మీద కూడా డబ్బాలో ప్లేట్లు ఒకదాన్నొకటి రాపాడుతూనే ఉంటాయి. నూనె వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, చివరికి ప్లేట్లు అతుక్కుపోతాయి. అప్పుడు సందులో బండి మళ్ళిస్తే ఎవరో బ్రేకు తొక్కి పట్టుకున్నట్టుంటుంది.

తర్వాత ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, ముందరి ఒక చక్రాన్ని జాకీతో లేపాడు. చేత్తో తిప్పి చూశాడు. బాగున్న డబ్బా అయితే చక్రం బరువుగా, నింపాదిగా తిరగాలి. అసలు తిరగకపోతే అతుక్కుపోయిందని. నాది ఏ అడ్డూ లేకుండా తిరిగింది. “ఇది నాలుగు కూడా లేదన్నా, సచ్చిపోయింది” అన్నాడు. అంటే నేను తిట్టుకున్నది కంపెనీ ఇచ్చిన బిగువును కాదు, అసలు బిగువే లేని డబ్బాను. పాత బండి కొని అప్‌గ్రేడ్ గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఇక్కడొకసారి ఆగి చూసుకోవాలి. అరిగిపోయినదాన్ని పక్కన పెట్టి కొత్తదాన్ని మెచ్చుకుంటే, ఆ మెప్పులో ఎంత భాగం బిగువుది, ఎంత భాగం కేవలం కొత్తదనానిది అన్నది తేలదు.

ఎట్లాగూ మార్చక తప్పదు కాబట్టి 12 వేయించాలని ఇద్దరం అనుకున్నాం. సామాను మన దగ్గర దొరకదు. మా బావమరిది అమెరికా నుంచి వస్తూ, ఆవకాయ పట్టుకెళ్ళిన సూట్‌కేసులోనే దాన్ని పెట్టుకొచ్చాడు. గేర్‌బాక్సు నంబరు పంపి, పళ్ళు సరిపోతాయని రూఢి చేసుకున్నాకే కొనమన్నాను.

ఈ పనికి గేర్‌బాక్సు మొత్తం దించక్కర్లేదు. బండిని లిఫ్ట్ ఎక్కించి, సైలెన్సరు గొట్టం, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక క్రాస్ మెంబరు విప్పితే గేర్‌బాక్సు తోక చేతికందుతుంది. అది ఊడదీస్తే డబ్బా బయటికొస్తుంది. కష్టమంతా తిరిగి పెట్టేటప్పుడే. డబ్బాకూ తోకకూ మధ్య ఎంత సందు ఉందో కొలిచి, దానికి తగిన మందంలో వాషరు వేయాలి. పాత వాషరునే వేసేస్తే పనైపోతుంది గానీ కొన్నాళ్ళకు బేరింగు ఏడుపు మొదలవుతుంది. భాయ్ గేజీ పెట్టి కొలవడం, వాషరు మార్చడం, మళ్ళీ కొలవడం, ఈ పనిలోనే ఎక్కువసేపు గడిపాడు. చివర్లో కొత్త గేరాయిలు పోశాడు. ఈ బండిలో గేర్లకూ ముందరి డిఫరెన్షియల్‌కూ ఆయిలు ఒకటే కాబట్టి జీఎల్-5 రకమే పోయాలి.

ఇప్పుడు కొండ మలుపులో రాతిపొడి మీద యాక్సిలేటర్ తొక్కితే ముందరి చక్రం గిర్రుమనే లోపే వెనక నుంచి తోపు తెలుస్తుంది. మూతి బయటికి పోవడం తగ్గింది. అయితే లాభం మలుపులోంచి బయటపడేటప్పుడే. వేగంగా మలుపులోకి దూరితే బిగువైన డబ్బా బండిని ఇంకా తిన్నగా లాగుతుంది గానీ మళ్ళనివ్వదు. కోట ద్వారం ముందరి ఇరుకు జాగాలో స్టీరింగు పూర్తిగా తిప్పి వెనక్కి మళ్ళితే కాస్త బరువుగా కదులుతుంది. 12కే ఇట్లా ఉంటే 20 వేసుకుని ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ సందుల్లో బండి పెట్టుకోవడం ఎంత నరకమో ఊహించుకోవచ్చు. బ్రేకు పట్టులో రవ్వంత మార్పు లేదు. ఉండదు కూడా. వాన పడ్డాక శనగ చేల మధ్య నల్లరేగడి దారిలో కూడా తేడా ఏమీ తెలియలేదు. రేగడి టైరు గాళ్ళలో నిండిందంటే నాలుగు చక్రాలూ ఒకేలా జారతాయి. డిఫరెన్షియల్ ఉన్న పట్టును సర్దుతుందే గానీ లేని పట్టును పుట్టించదు. లోయ అంచుదాకా బండి తోలాలన్న సరదా ఉన్నవాళ్ళకు కూడా ఇదే మాట. పైగా అది పురావస్తు శాఖ కాపాడుతున్న కోట, ర్యాలీ ట్రాక్ కాదు.

శని ఆదివారాల్లో గండికోటకు వచ్చే కుర్రాళ్ళు బండి చూసి ఆగుతారు. “20 దొరుకుతుందా అన్నా?” అన్నదే మొదటి ప్రశ్న. థార్‌లో వచ్చినవాళ్ళకైతే, మీ బండిలో అసలు ఆ డబ్బానే లేదని చెప్పాల్సి వస్తుంది. మిగతావాళ్ళను నేను ఎదురు అడుగుతాను: బండి జారేది మలుపులోకి దూరేటప్పుడా, బయటపడేటప్పుడా? జారేది ముందరా, వెనకా? టైర్లు వేయించి ఎన్నాళ్ళయింది, గాలి ఎంతుంది, వీల్ అలైన్‌మెంట్ ఎప్పుడు చేయించారు? ఇవన్నీ తేల్చుకున్నాక కూడా బండి బయటపడేటప్పుడే మూతి వదిలేస్తుంటే డబ్బా గురించి ఆలోచించవచ్చు. అంతదాకా రానక్కర్లేకుండా ఎక్కువమంది బాధ టైరు అంగడిలోనే తీరిపోతుంది. మిగిలిన డబ్బుతో నాలుగు టైర్లూ ఒకేసారి మార్పించుకోవచ్చు.