ఐపీ మార్చే ముందు ఐపీ చూడండి

బంధువుల ఇళ్లలో నెట్ పేచీ పెడితే ఫోన్ నాకే వస్తుంది. ఈమధ్య ఎక్కువగా వినిపించే మాట, "ఏదో సైట్ మన ఐపీని బ్లాక్ చేసిందట, మార్చడం ఎలారా?" అని. నెట్ అబ్బాయినడిగితే రౌటర్ ఆపి మళ్లీ వేయమంటాడు. కొన్ని ఇళ్లలో దాంతో పనవుతుంది, కొన్నింట్లో కాదు.

అందుకే ముందు రౌటర్ స్టేటస్ పేజీ తెరిపిస్తాను. దాని చిరునామా, పాస్‌వర్డ్ సాధారణంగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అక్కడ డబ్ల్యూఏఎన్ ఐపీ అన్న చోట ఉన్న నంబరును, ఐపీ చూపించే సైట్‌లో కనిపించే నంబరుతో పోల్చి చూడాలి.

రెండూ ఒకటే అయితే ఆ నంబరు మీ ఒక్కరిదే. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ కనెక్షన్‌లో రౌటర్ ఆపి వేస్తే చాలాసార్లు కొత్త నంబరు వస్తుంది. లాగిన్ అడగని డీహెచ్‌సీపీ కనెక్షన్‌లో నంబరు గడువు మీద ఇస్తారు. గడువు తీరేలోపు రౌటర్ తిరిగొస్తే సాధారణంగా పాతదే చేతికిస్తారు. రాత్రంతా ఆపి ఉంచితే మారే అవకాశం ఉంది.

రెండూ వేరై, రౌటర్‌లో నంబరు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే సంగతి వేరు. ప్రొవైడర్లు కస్టమర్లకు లోపల్లోపల పంచుకోవడానికి 2012లో కేటాయించిన వరస అది. బయటికి ఎన్నో ఇళ్లు ఒకే నంబరుతో వెళతాయి, అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబరు ఉన్నట్టు. ఎవరో స్పామ్ పంపితే తలుపు మన ముఖాన పడుతుంది. ఇక్కడ మార్పు మన చేతిలో లేదు.

ఇలా పంచుకోవాల్సి రావడానికి కారణం కొరత. పాత ఐపీ పద్ధతి ఐపీవీ4లో ఉన్నవే దాదాపు 429 కోట్ల నంబర్లు. ప్రపంచ నిల్వలో చివరి వాటాలను 2011 ఫిబ్రవరిలోనే పంచేశారు.

ఒక హెచ్చరిక. ఏ సమయంలో ఏ నంబరు ఎవరి కనెక్షన్‌కిచ్చారో ప్రొవైడర్ దగ్గర రికార్డు ఉంటుంది. కాబట్టి నంబరు మార్చడం ఇబ్బంది తప్పించుకోవడానికే కానీ దాక్కోవడానికి కాదు.

బయటి నుంచి ఇంటి సీసీ కెమెరా చూడాలనుకునేవారు డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని నంబరు, తీసుకోవచ్చు. మిగతావాళ్లంతా ప్రొవైడర్‌ను ఒక్క ప్రశ్న అడగండి, "మా లైన్‌లో ఐపీవీ6 ఉందా?" అని. ఉంటే రౌటర్‌లో ఆన్ చేయించుకోండి, లేకపోతే ఎప్పుడిస్తారో గట్టిగా అడగండి. ఈ కొత్త పద్ధతిలో నంబర్లకు కరువు లేదు. ఇంటింటికీ సొంత చిరునామాలు ఇవ్వొచ్చు.