కాలి పట్టీ – సంస్కరణ భాష

పాలకవర్గాలు నిర్బంధానికి కొత్త పేరు పెట్టినప్పుడల్లా ఆ పేరు వెనుక ఉన్న వాస్తవాన్ని పరిశీలించడం విమర్శకుల బాధ్యత. అమెరికాలో నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లల కాళ్లకు బిగించే ఎలక్ట్రానిక్ పట్టీని అక్కడి న్యాయవ్యవస్థ ‘నిర్బంధానికి ప్రత్యామ్నాయం’ అంటోంది. జైలుకంటే ఇల్లు నయం కదా అని ఉదారవాదులు తృప్తిపడుతున్నారు. ఈ మాటలో నిజమెంత?

ఈ పరికరానికి రెండు పుట్టుకలున్నాయి. 1960లలో హార్వర్డ్‌లో ష్విట్జ్‌గెబెల్ సోదరులు మొదటిదాన్ని తయారుచేశారు. దారితప్పిన కుర్రవాళ్లతో సంబంధం నిలుపుకోవడం, మంచి నడవడికను ప్రోత్సహించడం వారి ఉద్దేశం. రెండోది 1983లో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో పుట్టింది. జాక్ లవ్ అనే జడ్జి పత్రికలో స్పైడర్‌మాన్ బొమ్మల కథ చదివాడు. అందులో దుష్టుడు కథానాయకుని చేతికి జాడ తెలిపే కడియం తొడుగుతాడు. జడ్జిని ఆకర్షించింది ఆ దుష్టుని ఉపాయం! చదివేవాడు ఏ పీఠం మీద కూర్చుని చదువుతున్నాడన్నదాన్నిబట్టి కథకు అర్థం మారుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. చివరికి నిలిచింది రెండో పుట్టుకే. ప్రోత్సహించాలంటే మనుషులు కావాలి, ఓపిక కావాలి. కనిపెట్టి ఉండటానికి యంత్రం చాలు. దాన్ని అద్దెకిచ్చి లాభం గడించే కంపెనీలూ సిద్ధం.

రాజ్యమే పిల్లలకు తల్లీ తండ్రీ అన్న సిద్ధాంతం దీనికి ఆసరా. 1899లో షికాగోలో ఏర్పడిన తొలి బాలల కోర్టు ఈ సూత్రం మీదే నిలబడింది. ఆ ప్రేమ ఎలాంటిదో గాల్ట్ కేసు బయటపెట్టింది. అసభ్యంగా ఫోను చేశాడన్న ఆరోపణపై అరిజోనాలో పదిహేనేళ్ల బాలుణ్ణి ఇరవై ఒకటో ఏడు వరకూ సంస్కరణాలయంలో ఉంచవచ్చని తీర్పు ఇచ్చారు. అదే తప్పుకు పెద్దవాళ్లకు గరిష్ఠ శిక్ష రెండు నెలలు! పిల్లలకూ న్యాయవాది ఉండాలని, విచారణలో హక్కులుండాలని 1967లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

మన తల్లులూ పిల్లల కాళ్లకు మువ్వల పట్టీలు కడతారు. మువ్వ చప్పుడు ఆగితే తల్లి పరుగెత్తి వెళ్లి బిడ్డను ఎత్తుకుంటుంది. ఈ పట్టీ మోగితే వచ్చేది అధికారి.

ఆచరణ చూద్దాం. పట్టీకి రోజూ చార్జింగు పెట్టాలి. అంతసేపూ పిల్లవాడు గోడకు కట్టేసినట్టే. బడి, వైద్యం, బంధువుల ఇల్లు – ఎక్కడికి వెళ్లాలన్నా ముందుగా అనుమతి కావాలి. బ్యాటరీ అయిపోయినా, బస్సు ఆలస్యమైనా ఉల్లంఘనే. కొత్త నేరమేదీ చేయకుండానే పిల్లవాడు మళ్లీ నిర్బంధంలోకి వెళ్లవచ్చు. లాగు కింద ఉబ్బెత్తుగా కనిపించే పెట్టె తరగతిలో అతనిమీద ముద్ర వేస్తుంది. తల్లిదండ్రులు జైలు కాపలాదారులవుతారు. షికాగోలో పిల్లలకు తొడిగిన పట్టీలు మాటలు వినిపించగలవని, వినగలవని కూడా 2019లో వెల్లడైంది. ఈ భారం ఎక్కువగా నల్లజాతి, లాటినో పేద పిల్లలదే.

జైలుకంటే ఇది నయం కాదా అని అడగవచ్చు. నిజంగా జైలుకు పోవలసిన పిల్లవానికి నయమే. కానీ పట్టీ చేతిలో ఉన్న కోర్టు, మందలించి ఇంటికి పంపదగినవారికీ దాన్ని తొడుగుతుంది. వల విస్తరిస్తుంది. పిల్లలు దీనివల్ల బాగుపడుతున్నారనడానికి గట్టి సాక్ష్యమూ లేదు. కాలిఫోర్నియాలోని అలమేడా కౌంటీలో ఒకప్పుడు ఈ పట్టీకి రోజుకు 15 డాలర్లు కుటుంబమే చెల్లించాలి. పోరాటాల ఫలితంగా 2018 నుంచి ఆ రాష్ట్రంలో బాలల కేసుల్లో ఇలాంటి రుసుములు రద్దయ్యాయి. పట్టీతో గడిపిన రోజులను నిర్బంధకాలంలో జమకట్టాలని 2022లో అదే రాష్ట్రం చట్టం చేసింది. అంటే ‘ప్రత్యామ్నాయం’ కూడా నిర్బంధమేనని చట్టమే ఒప్పుకుంది.

తెలుగు పాఠకునికి ఇది దూరదేశపు కథ అనిపించనక్కరలేదు. నేరస్థ తెగల చట్టం కింద స్టూవర్టుపురం ఎరుకలవారు హాజరు పలికిన చరిత్ర మనది. ఆ చట్టానికి 1897లో చేసిన సవరణ పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఇచ్చింది. 2023లో జమ్మూకాశ్మీర్ పోలీసులు బెయిలుపై ఉన్నవారికి జీపీఎస్ పట్టీలు తొడగడం మొదలుపెట్టారు. నిందితుడు ఎక్కడున్నాడో పోలీసులకు నిరంతరం తెలిసేలా పెట్టే బెయిలు షరతు చెల్లదని 2024లో మన సుప్రీంకోర్టు అన్నది. ఈ రెండింటిలో ఏది నిలుస్తుందో ప్రజల చైతన్యాన్నిబట్టి ఉంటుంది.

రచయితల కర్తవ్యం ఇక్కడే ఉంది. అధికారి తెరమీద పిల్లవాడు ఒక చుక్క. ఆ చుక్క ఎందుకు కదిలిందో తెరకు తెలియదు. చెల్లెలికి మందు తేవడానికి వెళ్లి ఉండవచ్చు. ఇంట్లో కొట్లాట భరించలేక వీధిలోకి వచ్చి ఉండవచ్చు. ఆ కారణాన్ని చెప్పగలిగేది సాహిత్యం. అది చెప్పకపోతే ‘సంస్కరణ’ అన్న మాటకు అర్థం యంత్రం అమ్మేవాడే నిర్ణయిస్తాడు.